పన్ను పుచ్చకముందే

(స్మారకోపన్యాస పాఠం)



మా గురువుగారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఈసారి నన్ను ఇమ్మని కమిటీ అడిగింది. పిల్లల దంతవైద్యం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళం ఈ సభలో చాలామందిమే ఉన్నాం. ఓపీలో పుచ్చిన పళ్ళతో ఏ బిడ్డ వచ్చినా ఆయన మమ్మల్ని ఒకే మాట అడిగేవారు: ‘ఈ బిడ్డకు ఈ కుర్చీ ఎక్కే అవసరం రాకుండా ఎవరు, ఎప్పుడు, ఏం చేసి ఉండాల్సింది?’ దానికి జవాబు చెప్పాకే మందూ మాకూ సంగతి. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబును ఈ రోజు మీ ముందు పెడతాను.

పాలపళ్ళే కదా అనే మాట

‘పాలపళ్ళే కదండీ, ఎలాగూ ఊడిపోయేవే’ అనే మాట మన ఇళ్ళలో అందరి నోటా వింటాం. బిడ్డకు ఆరో నెల ప్రాంతంలో మొదటి పన్ను వస్తుంది. రెండున్నరేళ్ళు నిండేసరికి ఇరవై పాలపళ్ళూ వచ్చేస్తాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడే మాట నిజమే. కానీ దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. మూడేళ్ళకు పుచ్చిన దవడ పన్నుతో ఆ బిడ్డ ఏడెనిమిదేళ్ళు నెట్టుకురావాలి.

ఆ ఏళ్ళ బాధ ఎలా ఉంటుందో మనం రోజూ చూస్తున్నాం. బిడ్డ అన్నం ఒక పక్కనే నములుతుంది, తర్వాత నమలడమే మానేసి మెత్తటివి మాత్రమే తింటుంది. రాత్రిళ్ళు లేచి ఏడుస్తుంది. దవడ వాచి జ్వరంతో వస్తుంది. పాలపన్ను వేళ్ళ దగ్గర చేరిన చీము కింద తయారవుతున్న శాశ్వత దంతాన్ని దెబ్బతీయవచ్చు. పన్ను ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయి, కొత్త పన్నుకు చోటు లేక వంకరగా వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం పాలపళ్ళు పుచ్చిన పిల్లలు ప్రపంచంలో 51.4 కోట్లమంది. మన దేశంలో 2002-03లో జరిగిన జాతీయ సర్వేలో ఐదేళ్ళ పిల్లల్లో సగానికి పైగా పుచ్చుపళ్ళతో కనిపించారు. ఇంతమందికీ వచ్చిన జబ్బును ఏ ఒక్క ఇంటి నిర్లక్ష్యంగానో కొట్టిపారేయలేం. ఊరంతటికీ ఉన్న జబ్బుకు ఊరంతటికీ అందే నివారణ కావాలి.

పురుగు కాదు, ఆమ్లం

పన్నులో పురుగులు తీస్తామంటూ గింజల పొగ పట్టించేవాళ్ళు ఇప్పటికీ సంతల్లో కనిపిస్తారు. పన్నును తినేసే పురుగు ఏదీ లేదు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను, పిండిని తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లం తీవ్రత ఒక హద్దు దాటగానే, శాస్త్ర పరిభాషలో పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గగానే, పంటి పైపొర ఎనామిల్‌లోంచి ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, కరిగిన ఖనిజాన్ని తిరిగి పంటికి చేరుస్తుంది. అందుకు అరగంట నుంచి గంట పడుతుంది. అంతలోనే మళ్ళీ బిస్కెట్టు, ఇంకాసేపటికి చాక్లెట్, ఆపైన టీలో ముంచిన రస్కు పడితే లాలాజలానికి తీరిక చిక్కదు. ఎంత తీపి తిన్నారన్న దానికన్నా రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే ఇక్కడ ముఖ్యం.

నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అందుకే చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు పై ముందు పళ్ళు మొట్టమొదట పుచ్చుతాయి. కింది ముందు పళ్ళను నాలుక కాపాడుతుంది. పాలపళ్ళ ఎనామిల్ శాశ్వత దంతాల ఎనామిల్‌కన్నా చాలా పల్చన. పెద్దవాళ్ళలో ఏళ్ళు పట్టే గుంట వీళ్ళకు నెలల్లోనే నరం దాకా పోగలదు.

ఈ సభకు వచ్చిన అంగన్‌వాడీ టీచర్లకు నా మనవి ఒకటుంది. బిడ్డ పై పెదవిని వేలితో మెల్లగా పైకెత్తి చూడండి. చిగురును ఆనుకుని పంటి మీద సుద్ద రాసినట్టు తెల్లటి గీత కనిపిస్తే పుచ్చు మొదలైందని అర్థం. ఇంకా గుంట పడలేదు, నొప్పి లేదు, ఇంట్లో ఎవరూ గమనించి ఉండరు. ఆ దశలో పన్ను మళ్ళీ గట్టిపడే అవకాశం ఉంది. అదే గీత గోధుమరంగులోకి మారి గుంట పడితే ఆ అవకాశం చేయి జారినట్టే. ఆ తెల్ల గీత దగ్గరే పుచ్చును ఆపే మందే ఫ్లోరైడ్.

ఫ్లోరైడ్ గురించి ఈ నేల మీద నిలబడి

ఫ్లోరైడ్ అనే మాట తెలుగునాట సులువుగా పలకగలిగేది కాదు. మన దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్య పత్రికల్లో తొలిసారి వివరంగా వచ్చింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. ఆ తర్వాత నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు తరాలకు తరాలు వంగిన వెన్నులతో, బిగుసుకుపోయిన కీళ్ళతో, గారకట్టిన పళ్ళతో బతికాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. 5 మిల్లీగ్రాములు దాటిన బావులు అక్కడ ఉండేవి. పటికతో, సున్నంతో నీటిని శుద్ధిచేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించినప్పుడు దానికి నల్గొండ పేరే పెట్టారు. చివరికి కృష్ణా నీళ్ళు కుళాయిల్లోకి వచ్చాకే ఆ పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ బాధను చూసిన తల్లి ‘మా బిడ్డకు ఫ్లోరైడ్ వద్దు’ అంటే ఆ భయాన్ని గౌరవించాలి. గౌరవిస్తూనే అసలు సంగతి విడమర్చి చెప్పాలి.

ఆ సంగతి అమెరికాలో మొదలైంది. అక్కడి కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో 1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు ప్రాక్టీసు పెట్టాడు. ఆ ఊళ్ళో పుట్టిపెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుండేవి. కానీ ఆ మచ్చల పళ్ళు అంత తేలిగ్గా పుచ్చేవి కావు. కారణం నీళ్ళలోనే ఉందని మెకే పట్టుబట్టాడు. ఆ నీళ్ళలో ఏముందో తేలడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త అది ఫ్లోరైడ్ అని తేల్చాడు. తర్వాత ట్రెండ్లీ డీన్ అనే పరిశోధకుడు ఊరూరా పిల్లల పళ్ళు, నీళ్ళు పరీక్షించి, లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఉన్నచోట మచ్చలు పెద్దగా లేకుండానే పుచ్చు బాగా తగ్గిందని చూపించాడు. 1945 జనవరిలో అమెరికాలోనే గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం తాగునీటిలో ఆ మోతాదులో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది.

ఫ్లోరైడ్ కడుపులోకి పోయి, రక్తం ద్వారా తయారవుతున్న పంటికి చేరి గట్టిపరుస్తుందని ఆ రోజుల్లో అనుకున్నారు. తర్వాతి దశాబ్దాల పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. ఫ్లోరైడ్ చేసే మేలులో ఎక్కువ భాగం పంటి ఉపరితలం మీదే జరుగుతుంది. ఆమ్లం కరిగించిన చోట కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి చేరేటప్పుడు ఫ్లోరైడ్ కూడా ఉంటే, కొత్తగా కట్టుకునే పొర మునుపటికన్నా గట్టిది. పీహెచ్ 4.5 దాకా పడిపోయినా తట్టుకోగలదు. ఎముకల్నీ కీళ్ళనూ దెబ్బతీసేదీ, దవడలో తయారవుతున్న పళ్ళకు మచ్చలు తెచ్చేదీ రోజూ, ఏళ్ళ తరబడి మింగిన ఫ్లోరైడ్. పుచ్చును ఆపేది పంటి మీద పూసిన కొద్దిపాటి ఫ్లోరైడ్. కాబట్టి మన నేల మీద నీళ్ళలో ఫ్లోరైడ్ కలపాలని ఎవరూ అడగనవసరం లేదు. అడగాల్సింది పంటి మీద పూత గురించి.

వార్నిష్: రెండు నిమిషాల పని

ఆ పూత పేరు ఫ్లోరైడ్ వార్నిష్. ఇది 1960ల్లో జర్మనీలో వచ్చింది. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్న జిగురులాంటి మందు.

పూసే విధానం చెబుతాను. తల్లీ, పూసేవారూ ఎదురెదురుగా మోకాళ్ళు ఆనించి కూర్చుంటారు. బిడ్డ తల్లి వైపు ముఖం పెట్టి ఆమె ఒడిలో కూర్చుని, వెనక్కి వాలి, తలను పూసేవారి ఒడిలో ఆనిస్తుంది. అమ్మ ముఖం కనిపిస్తూ ఉంటుంది కాబట్టి చాలామంది పిల్లలు త్వరగానే కుదుటపడతారు. ఏడ్చినా మంచిదే, నోరు తెరుచుకుంటుంది. గాజుగుడ్డతో పళ్ళు తుడిచి, చిన్న బ్రష్షుతో అన్ని పళ్ళకూ పల్చగా పూస్తారు. లాలాజలం తగలగానే అది పంటికి అంటుకుని గట్టిపడుతుంది. కరెంటు అక్కర్లేదు, డ్రిల్లు అక్కర్లేదు, సూది అక్కర్లేదు. కొన్ని గంటలపాటు గట్టివి, వేడివి పెట్టవద్దని, ఆ రాత్రి బ్రష్ చేయవద్దని తల్లికి చెప్పి పంపుతారు. పళ్ళు ఒకటి రెండు రోజులు పసుపుగా కనిపించవచ్చు, కంగారు పడనవసరం లేదు.

నల్గొండ తల్లి అడిగే ప్రశ్నకు లెక్క చూపిద్దాం. చిన్నపిల్లలకు వాడే ప్యాకెట్టు పావు మిల్లీలీటరు. అందులో ఉన్న ఫ్లోరైడ్ మొత్తం ఆరు మిల్లీగ్రాములకు లోపే. అది పంటికి అంటుకుని నెమ్మదిగా వదులుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు రోజుకు లీటరు తాగిన బిడ్డ ప్రతిరోజూ దాదాపు అంత ఫ్లోరైడ్ మింగేది. ఇక్కడ అది ఆరు నెలలకోసారి. అయితే నీళ్ళలో ఇప్పటికీ ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ముందు నీటి పరీక్ష జరగాలి, పూత సంగతి దంతవైద్యుడు నిర్ణయించాలి. ఆ ఊళ్ళలో ఫ్లోరైడ్ మాత్రలు, పుక్కిలించే మందులు పిల్లలకు ఇవ్వనే కూడదు. చిగుళ్ళు పుండుపడిన పిల్లలకు, ఇందులో కలిపే గుగ్గిలంలాంటి జిగురు పడని పిల్లలకు కూడా పూయకూడదు.

ఫలితం సంగతి చూస్తే, పరిశోధనలన్నిటినీ కలిపి 2013లో కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో వార్నిష్ వల్ల పాలపళ్ళ పుచ్చు సగటున 37 శాతం తగ్గిందని తేలింది. మిగతా భారం ఇంట్లో బ్రష్షు మీదా, తిండి మీదా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మామూలు ఫ్లోరైడ్ పేస్టే పిల్లలకూ చాలు. మన దేశంలో దానికి 1000 పీపీఎం గరిష్ఠ పరిమితి, ఆ అంకె ట్యూబు మీద అచ్చువేసి ఉండాలి. చదివి కొనండి. మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ లోపు బిడ్డకు బఠాణీ గింజంత. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళే తోమాలి. రాత్రి తోమాక నీళ్ళు తప్ప మరేదీ పెట్టకూడదు.

సీలెంట్: నెర్రెల్ని మూసేయడం

దవడ పళ్ళ మీద నమిలే భాగంలో సన్నటి గాడులుంటాయి. కొన్ని ఎంత ఇరుకంటే బ్రష్షు పోగు అందులోకి దిగదు. ఎంత తోమినా అక్కడ తిండి నిలుస్తుంది. ఫ్లోరైడ్ నున్నటి పక్కల్ని బాగా కాపాడుతుంది కానీ ఈ లోతుల్లో దాని బలం తక్కువ. నెర్రెలు విచ్చిన డాబా మీద సిమెంటు పాలు పోసి నీళ్ళు కారకుండా చేసినట్టు, ఈ గాడుల్ని ముందే మూసేసే మందు సీలెంట్.

దీనికి పునాది వేసింది మైఖేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు. లోహానికి రంగు బాగా పట్టాలంటే పరిశ్రమల్లో ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడుగుతారని ఆయన గమనించి, అదే పని ఎనామిల్ మీద చేసి 1955లో ప్రచురించాడు. ఈ రోజు మనం చేసేదీ అదే. పన్ను శుభ్రం చేసి, ఆమ్లం కొద్ది సెకన్లు ఉంచి, కడిగి ఆరబెడతాం. పన్ను సుద్దలా తెల్లబడితే ఆమ్లం పనిచేసినట్టు. అప్పుడు ద్రవరూపంలోని సీలెంట్‌ను గాడుల్లోకి పారించి, నీలికాంతి వేసి గట్టిపరుస్తాం. ఈ మధ్యలో ఒక్క ఉమ్మి చుక్క తగిలినా మళ్ళీ మొదటికి రావాల్సిందే. మూడేళ్ళ బిడ్డ నోరు అంతసేపు పొడిగా ఉంచడం కష్టం. అలాంటి చోట కొద్దిపాటి తడిని ఓర్చుకుని, ఫ్లోరైడ్ కూడా వదిలే గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు వాడతాం.

సీలెంట్ సత్తా బాగా రుజువైంది ఆరేళ్ళకు వచ్చే మొదటి శాశ్వత దవడ పళ్ళ మీద. రెండేళ్ళ పాటు ఆ పళ్ళ పుచ్చులో 80 శాతాన్ని ఆపగలదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. పాల దవడ పళ్ళ మీద ఆధారాలు అంత గట్టిగా లేవు. కాబట్టి ముందు చెప్పిన మినహాయింపులు తప్ప ఐదేళ్ళ లోపు పిల్లలందరికీ వార్నిష్ పూయాలి, గాడులు లోతుగా ఉండి పుచ్చు ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లల పాల దవడ పళ్ళకు సీలెంట్ వేయాలి, ఆరేళ్ళ పన్ను బయటికి రాగానే ప్రతి బిడ్డకూ వేయాలి. ఆ పన్ను పాలపళ్ళ వెనకాల చప్పుడు లేకుండా వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

ఇప్పటికే గుంటలు పడిన బిడ్డల్నీ మరచిపోకూడదు. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ ఒక చుక్క రాస్తే డ్రిల్లు లేకుండానే చాలావరకు పుచ్చు ఆగుతుంది. ఆ చోటు నల్లబడుతుంది, ఆ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. ఈ మందునూ, ఫ్లోరైడ్ పేస్టునూ, గ్లాస్ అయనోమర్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఎవరు, ఎప్పుడు

ఇక గురువుగారి ప్రశ్నకు వద్దాం. మూడేళ్ళ లోపు బిడ్డ దంతవైద్యుడి దగ్గరికి రాదు, వచ్చేసరికి ఆలస్యమవుతుంది. కానీ ఆ బిడ్డ ఊళ్ళో టీకాలు వేసే ఏఎన్ఎమ్‌కు తెలుసు, ఆశా కార్యకర్తకు తెలుసు, అంగన్‌వాడీ టీచరుకు తెలుసు. మన టీకాల కార్యక్రమంలో తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ళ దాకా విటమిన్-ఎ ఇస్తున్నాం. రెండో మోతాదు తర్వాత ఆరు నెలలకోసారి. వార్నిష్‌కూ కావాల్సింది అదే వయసు, అదే వ్యవధి. ఆ రోజున, ఆ బల్ల దగ్గరే, ఆ బిడ్డకే పూత కూడా వేయవచ్చు. ఐదారేళ్ళకు వేసే డీపీటీ బూస్టరు రోజున నోరు తెరిచి చూస్తే ఆరేళ్ళ పన్ను వచ్చిందో లేదో తెలుస్తుంది, సీలెంట్‌కు పంపవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించాల్సిన జబ్బుల్లో దంత సమస్యలు ఇప్పటికే ఉన్నాయి. 2014లో జాతీయ దంత ఆరోగ్య కార్యక్రమం కూడా వచ్చింది. గుర్తించే చోటే నివారణ కూడా చేయాలి.

ఇది జరిగే పనేనా అనేవారికి స్కాట్లండ్ ఉంది. అక్కడ నర్సరీలలో పిల్లలు రోజూ టీచర్ల కళ్ళ ముందు బ్రష్ చేస్తారు, పేద ప్రాంతాల పిల్లలకు ఏడాదికి రెండుసార్లు వార్నిష్ పూస్తూ వచ్చారు. 2003లో బడిలో చేరే పిల్లల్లో పుచ్చు కనిపించనివాళ్ళు 45 శాతం. 2020 నాటికి ఆ సంఖ్య 70 శాతం దాటింది. అక్కడ నర్సరీ ఉన్నట్టే మనకు 1975 నుంచి అంగన్‌వాడీ ఉంది. భోజనానికి ముందు చేతులు కడిగించే టీచరు, భోజనం తర్వాత బ్రష్ కూడా చేయించగలదు. బ్రష్షు, పేస్టు ప్రభుత్వం ఇవ్వాలి, ఆ భారం టీచరు జేబు మీద పడకూడదు.

అందుకే ఈ వేదిక నుంచి మూడు విన్నపాలు చేస్తున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు శిక్షణ పొందిన ఏఎన్ఎమ్‌లు వార్నిష్ పూసేందుకు నిబంధనలు రూపొందించి, మందును ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సరఫరాలో చేర్చాలి. ప్రతి డెంటల్ కాలేజీ తన చుట్టుపక్కల మండలాల్లోని అంగన్‌వాడీలను దత్తత తీసుకుని, నీటి పరీక్ష ఫలితం చేతిలో పెట్టుకుని, ఈ పని నేర్పి పర్యవేక్షించాలి. ఇక్కడున్న ప్రతి తల్లీ, తండ్రీ, తాతా, అమ్మమ్మా ఈ రాత్రి ఇంటికెళ్ళి బిడ్డ పై పెదవి ఎత్తి చూడాలి. తెల్ల గీత కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఈ వారంలోనే చూపించండి.